నక్కవుల్లి పేరులో నక్క ఎక్కడిది? కిన్వట్ మొక్క, రిజిస్టరులో రాయాల్సిన వివరాలు

పెన్‌గంగ (కిన్వట్, నాందేడ్ జిల్లా)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఊరి జీవవైవిధ్య రిజిస్టరు రాస్తున్నాం. పేర్ల కోసం మరాఠీ గడి ఒకటి, తెలుగు గడి ఒకటి పెట్టుకున్నాం. ఒక మొక్క దగ్గర పని ఆగింది.

టేకు అడవి అంచు, మొరం నేల. ఆకు ఒక్కటీ లేదు. నేలలోంచి ఒంటి కాడ లేచింది, రెండు మూరలకు కాస్త తక్కువ. పై సగమంతా ఎడంఎడంగా చిన్న గంటల్లాంటి పూలు, తలలు కిందికి వేలాడుతున్నాయి. మాసిన తెలుపు, ఒక్కో రేకు నడుమ గోధుమ చార. కాడ పట్టి వంచితే పుటుక్కున విరిగింది. కింద పిడికిలంత గడ్డ, పొరలు పొరలుగా, అచ్చం ఉల్లిగడ్డే.

తెలుగువాళ్ళు నక్కఉల్లిగడ్డ అంటున్నారు. మరాఠీవాళ్ళు రాన్‌కాందా అంటున్నారు, కొందరు కోల్‌కాందా. పాత ఆయుర్వేద పుస్తకంలో అర్జీనియా ఇండికా అని ఉంది, కొత్త దాంట్లో డ్రిమియా ఇండికా. ఏది రాయాలి? "నక్కలు తవ్వుకుని తింటాయి, అందుకే నక్కవుల్లి" అని ఒక పెద్దాయన చెప్పారు. పేరు వెనుక కథ గడిలో అదే రాయమంటారా? ఉపయోగం గడిలో ఏం రాయాలో కూడా చెప్పండి.

సిరొంచ తునికి (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

అన్నా, మీరు రాసిన గుర్తులన్నీ నక్కవుల్లికే సరిపోతున్నాయి. తునికాకు కోత నడిచే రోజుల్లో, అంటే భరణి, కృత్తిక కార్తెల్లో, ఎండిపోయిన నేలమీద ఆకు లేకుండా కాడ లేచిందంటే మొదట తలచుకోవాల్సిన పేరు ఇదే. ఆకులు మృగశిర వానలు పడ్డాకనే వస్తాయి. పూసినప్పుడు ఆకుండదు, ఆకున్నప్పుడు పువ్వుండదు. అందుకే చాలామంది ఒకే గడ్డను రెండు వేరు మొక్కలనుకుని రెండు చోట్ల రాసేస్తారు. మీ రిజిస్టరులో వానకాలం పేజీల్లో "గుర్తు తెలియని ఉల్లిజాతి" అని ఇంకొకటి ఉందేమో చూడండి.

రాసే ముందు ఒక చిన్న గుర్తు చూడమంటాను. విచ్చిన పూలను వదిలేసి కాడ కొసన మొగ్గలున్న చోట చూడండి. ఒక్కో మొగ్గ తొడిమ మొదట్లో గోరు కొసంత పలచటి రేకు ఉంటుంది. దాని అడుగున వెనక్కి పొడుచుకొచ్చిన చిన్న తోక కనబడితే డ్రిమియా. ఈ రేకులు తొందరగా రాలిపోతాయి. పూలన్నీ విచ్చాక పోతే ఏమీ దొరకదు. పొద్దున్నే పోయి మొగ్గ దశలో, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోటో తీయండి. ఒక్కో పువ్వు ఒక రోజు కూడా నిలవదు, కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటూ పోతాయి. కాబట్టి ఈ రోజు పువ్వు దొరక్కపోతే రేపు పై మొగ్గ దొరుకుతుంది.

కొలతలు రాసేటప్పుడు గడ్డ అడ్డకొలత (మామూలుగా 5 నుంచి 10 సెంటీమీటర్లు), కాడ ఎత్తు, పువ్వు తొడిమ పొడవు, వానల్లో ఆకు పొడవు, వెడల్పు రాయండి. ఆకు చదునుగా పట్టీలా 15 నుంచి 45 సెంటీమీటర్ల వరకు ఉంటుంది, వెడల్పు రెండు వేళ్ళు దాటదు.

మాణిక్‌గఢ్ (రాజురా, చంద్రపూర్ జిల్లా)

శాస్త్రీయ నామం సంగతి చెప్తాను. రెండు పేర్లూ ఒకే మొక్కవి, ఒకటి పాతబడింది, అంతే.

మొదట దీనికి సిల్లా ఇండికా అని పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా తోటకు వెళ్ళకముందు సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కలను రాసిపెట్టినాయన ఈయనే. ఆయన 1815లో చనిపోయారు, ఈ పేరున్న ఫ్లోరా ఇండికా 1832లో అచ్చయింది. సిల్లా అనేది మధ్యధరా సముద్రం చుట్టూ పెరిగే పెద్ద అడవి ఉల్లికి గ్రీకులు పెట్టుకున్న పాత పేరు. ఇంగ్లీషువాళ్ళ స్క్విల్ దాన్నుంచే వచ్చింది.

1834లో స్టైన్‌హైల్ అనే వృక్షశాస్త్రవేత్త అల్జీరియా మొక్కలు చూస్తూ అర్జీనియా అనే కొత్త ప్రజాతి (జీనస్) కట్టారు. అక్కడి బెన్ ఉర్గిన్ అనే అరబ్బు తెగ పేరు అది. 1843లో కుంత్ మన గడ్డను అందులోకి మార్చారు. అలా ఎక్కడో ఉత్తర ఆఫ్రికా తెగ పేరు మన మొరం నేల గడ్డమీద 134 ఏళ్ళు ఉండిపోయింది. 1977లో జెస్సప్ దీన్ని డ్రిమియాలో చేర్చారు. డ్రిమియా 1799 నాటి పేరు, గ్రీకులో ద్రిముస్ అంటే ఘాటు, మంట పుట్టించేది. రసం తగిలితే చర్మం దురదపెడుతుంది కాబట్టి ఆ పేరు. నన్నడిగితే మూడింట్లో మొక్కను చూసి పెట్టిన పేరు ఇదొక్కటే.

రిజిస్టరులో ఇలా రాయండి: డ్రిమియా ఇండికా (రాక్స్‌బర్గ్) జెస్సప్. బ్రాకెట్లు వదిలిపెట్టొద్దు. మొదట వేరే ప్రజాతిలో పేరు పెట్టినవారు బ్రాకెట్లో, ఇప్పటి చోటికి మార్చినవారు బయట ఉంటారు. పక్కన "పాత పేరు: అర్జీనియా ఇండికా" అని తప్పకుండా చేర్చండి, పాత మందుల పుస్తకాలు ఆ పేరుతోనే ఉన్నాయి. కుటుంబం దగ్గర లిలియేసీ అని రాసేవాళ్ళు ఎక్కువ. ఇప్పటి పద్ధతిలో ఆస్పరాగేసీ, అంటే పిల్లిపీచర కుటుంబం.

వంశధార (పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా)

మా వైపు ఒడియాలో బణ పియాజ, అంటే అడవి ఉల్లి. తెలుగువాళ్ళు నక్కవుల్లిపాయ అనీ అంటారు, అడవి ఉల్లి అనీ అంటారు.

నక్క గురించి నాకొక ఆలోచన. ఇక్కడ నక్క జంతువు కాదేమో. నక్కడం అంటే పొంచి దాక్కోవడం కదా. ఈ గడ్డ చలికాలం, ఎండకాలం నేలలో నక్కి ఉంటుంది, ఉన్నట్టుండి కాడ లేపుతుంది. నక్కిన ఉల్లి నక్కవుల్లి అయిందని ఎందుకు అనుకోకూడదు?

పదమూలం (నిజామాబాద్)

వంశధార గారూ, వినసొంపుగా ఉంది, మొక్క తీరుకు అతికినట్టు కూడా ఉంది. కానీ నిలబడదు. కారణం పక్కనే తమిళంలో ఉంది. తమిళులు దీన్ని నరివెంగాయం అంటారు. నరి అంటే నక్క, వెంగాయం అంటే ఉల్లి. పేరు మన నక్కు అనే క్రియ మీద కట్టిందైతే, ఆ క్రియతో సంబంధం లేని నరి అక్కడికి ఎలా వస్తుంది? నక్క అన్నా నరి అన్నా ఒకే జంతువు. కాబట్టి రెండు చోట్లా ఉన్నది జంతువే.

ఇక నక్క తింటుందన్న కథ. ఇది విషపు గడ్డ. నక్క రేగుపళ్ళు తింటుంది, ఎలుకలను పడుతుంది, పుచ్చతోటలో దూరుతుంది. అడవిలో గడ్డలు పెళ్ళగించే పని అడవిపందులది, ఏదుపందులది. పేరు విన్నాక అల్లిన కథ అది, పేరు పుట్టడానికి కారణం కాదు. దయచేసి రిజిస్టరులో రాయకండి. పిల్లలు చదివి "నక్క తింటే మనమూ తినొచ్చు" అనుకునే ప్రమాదం ఉంది.

మరి నక్క ఎందుకు? ఈ ఒక్క పేరునే పట్టుకుని చూస్తే తెలియదు. దీనితోపాటు ఇంకో పది పేర్లు పెట్టి చూడాలి. తెలుగులో మనిషి సాగు చేసుకునే మొక్కకు మామూలు పేరుంటుంది. దాన్ని పోలి ఉండి వంటింట్లోకి రానిదానికి ముందు ఒక మాట తగిలిస్తాం. పెసర మనది, పిల్లిపెసర పశువుల మేత. తులసి కోటలో ఉంటుంది, కుక్కతులసి గట్టుమీద ఉంటుంది. వామింటలో కుక్కవామింట. పుచ్చ తింటాం, వెర్రిపుచ్చ విరేచనాలు పట్టిస్తుంది. పిల్లి, కుక్క, నక్క, వెర్రి, అడవి, ఈ మాటలన్నీ చేసే పని ఒక్కటే: "అలా కనబడుతుంది, కానీ అది కాదు" అని చెప్పడం.

దీనికి మంచి సాక్ష్యం పిల్లిపెసరే. తమిళంలో దాని పేరు నరిప్పయరు, అంటే నక్కపెసర. ఒకే మొక్క, మనకు పిల్లి, వాళ్ళకు నక్క. ఆ మొక్కతో పిల్లికీ పని లేదు, నక్కకీ పని లేదు. జంతువు ఏదన్నది ముఖ్యం కాదు, మనిషిది కాదన్నదే ముఖ్యం. నక్కవుల్లి అంటే నక్క తినే ఉల్లి కాదు, మనిషి తినకూడని ఉల్లి.

పెన్‌గంగ

పదమూలం సార్, ఇది బాగా కుదిరింది. మరి మరాఠీ కోల్‌కాందా సంగతేంటి? మరాఠీలో నక్కను కోల్హా అంటారు. కోల్హా, కాందా కలిసి కోల్‌కాందా అయితే అది కూడా నక్కవుల్లే కదా? మన పేరే వాళ్ళు అనువదించుకున్నారా, వాళ్ళ పేరు మనకొచ్చిందా?

పదమూలం

సరిహద్దులో రెండు భాషలూ వచ్చినవాళ్ళకే తట్టే ప్రశ్న ఇది. చూడగానే నిజమే అనిపిస్తుంది. అయితే సంస్కృత నిఘంటువుల్లో ఈ గడ్డకు కోలకందం అనే పేరుంది. సంస్కృతంలో కోల అంటే అడవిపంది. కోలకందం అంటే పందిగడ్డ. కోల్‌కాందా దానికి మరాఠీ నోట వచ్చిన రూపం, కోలలోని చివరి అచ్చు జారిపోయింది. కోల్హాలోని హ ఈ పేరులో ఎక్కడా లేదు. ఇప్పటి మరాఠీవాళ్ళకు వినగానే కోల్హా గుర్తొస్తే అది వేరే సంగతి, పేర్లు చెవిలో అలా మారుతుంటాయి.

తెలుగువాళ్ళం కూడా ఇక్కడే పొరపడతాం. మనకు కోల అంటే కర్ర. ఆకు లేని పొడుగు కాడ చూసి "కోలలా ఉంటుంది కాబట్టి కోలకందం" అని రాసినవాళ్ళున్నారు. కాదు, పందే.

సంస్కృతంలో ఇంకో పేరు వనపలాండువు. పలాండువు అంటే నీరుల్లి. రాన్‌కాందా, బణ పియాజ, కన్నడ కాడు ఈరుళ్ళి, మలయాళం కాట్టుళ్ళి అన్నీ ఆ దారిలోవే, అడవి ఉల్లి అని. జంతువు పేరు పట్టుకున్నవి తెలుగు, తమిళం, సంస్కృతంలోని ఒక పేరు.

ఉల్లి అనే మాట సంగతి ఒకటి. ఉల్లి ద్రావిడ భాషల సొంత మాట, కన్నడ మలయాళాల్లో ఉళ్ళి. నీరుల్లి ఒకటి, వెల్ల అంటే తెల్లనిది కాబట్టి వెల్లుల్లి ఒకటి. తర్వాతి మాట మాత్రం ఊరూరికీ మారుతుంది. పాయ అంటారు కోస్తాలో, గడ్డ అంటారు తెలంగాణలో, మీ వైపు కూడా. అందుకని తెలుగు గడిలో "నక్కవుల్లి" అని మొదట రాసి, "నక్కఉల్లిగడ్డ, నక్కవుల్లిపాయ, అడవి ఉల్లి" అని తర్వాత చేర్చండి. అడవి ఉల్లి అన్న పేరొక్కటే రాయకండి. ఆ పేరుతో వేరే గడ్డలను కూడా పిలుస్తారు.

వంశధార

ఒప్పుకుంటున్నాను. పిల్లిపెసర సాక్ష్యం గట్టిది.

మాణిక్‌గఢ్

ఇస్కీల్ అనే పేరు కూడా చేర్చండి అన్నా. యునానీ వైద్యంలో దీని పేరు అదే. 1956 దాకా కిన్వట్, రాజురా తాలూకాలు హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నాయి. కాబట్టి పాత మందుల చీటీల్లో ఉర్దూ పేరే ఉంటుంది, ఇస్కీల్ అనో జంగ్లీ ప్యాజ్ అనో.

వనమూలిక (మంచిర్యాల)

ఉపయోగం గడి గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. ఇది జాగ్రత్తగా నింపాల్సిన గడి.

గడ్డలో సిల్లారెన్, ప్రొసిల్లారిడిన్ వంటి పదార్థాలున్నాయి. గుండెమీద డిజిటాలిస్ అనే గుండె మందు చేసే పనే చేస్తాయి: కొట్టుకునే వేగాన్ని తగ్గిస్తాయి, కొట్టుకునే బలాన్ని పెంచుతాయి. తక్కువ మోతాదులో కఫాన్ని కరిగిస్తుంది కాబట్టి దగ్గు మందుల్లో వాడారు. బ్రిటిష్ ఫార్మకోపియాలో, అంటే అక్కడి మందుల ప్రామాణిక గ్రంథంలో, మధ్యధరా స్క్విల్‌కు బదులుగా మన గడ్డను కూడా ఒప్పుకున్నారు. పూత అయిపోగానే తవ్వి, పైనున్న ఎండు పొరలు తీసేసి, అడ్డంగా పలచటి చక్రాలు కోసి ఎండబెట్టడం పద్ధతి. కోయకుండా గడ్డను గడ్డగా ఎండబెడితే ఎండదు. లోపలి పొరల్లో నీళ్ళు నెలల తరబడి ఉంటాయి, అటకమీద పెట్టినా మొలకెత్తుతుంది. గ్రీసులో కొత్త సంవత్సరానికి ఇలాంటి గడ్డనే గుమ్మానికి వేలాడదీస్తారు, మట్టీ నీళ్ళూ లేకుండా చిగురు వేస్తుంది కాబట్టి.

పొడితో వచ్చే చిక్కు ఇంకొకటి. ఈ పొడి గాలిలో తేమ లాగేస్తుంది. మూత సరిగ్గా లేని సీసాలో వానకాలం పెడితే గట్టి ముద్దయిపోతుంది. ముద్దయిన పొడిని చెంచాతో తీస్తే ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు. ఇది మిల్లీగ్రాముల్లో కొలిచే మందు. పనిచేసే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ నడుమ ఎడం చాలా తక్కువ. పైగా ఏ గడ్డలో ఎంత మందుందో చూసి చెప్పలేం.

కాబట్టి ఉపయోగం గడిలో "దగ్గుకు, గుండెకు మందు" అని మాత్రం రాసి వదిలేయకండి. "శుద్ధి చేసి, కొలిచి వైద్యులు మాత్రమే వాడేది. పచ్చి గడ్డ, ఆకు విషం" అని రాయండి. ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు. ఆ సామెతలోని ఉల్లికీ దీనికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం.

సిరొంచ తునికి

వనమూలిక గారూ, రెండు సంగతులు అడుగుతున్నా. కాలి ఆనెలకు గడ్డను నిప్పులో కాల్చి కట్టే అలవాటు ఉంది కదా, అది రాయవచ్చా? ఎలుకల మందుగా పనిచేస్తుందంటారు, అది నిజమేనా?

వనమూలిక

ఆనెలకు కట్టడం పాత వాడుకే, వాడుకగా రాయండి. కానీ సలహాగా రాయకండి. ఇందులో కాల్షియం ఆక్సలేటు సూదులు ఉంటాయి, కంటికి కనబడనంత సన్నవి, కట్టలు కట్టలుగా జిగురులో కూరుకుని ఉంటాయి. గడ్డ కోసినప్పుడు చర్మంలో గుచ్చుకుంటాయి, అదే దురద. పచ్చి గడ్డ కడితే చుట్టూ ఉన్న మంచి చర్మం కూడా బొబ్బలెక్కుతుంది. మధుమేహం ఉన్నవాళ్ళకు పాదంలో స్పర్శ తక్కువగా ఉంటుంది, పుండు పడినా తెలియదు. వాళ్ళు అసలు తాకకూడదు.

ఎలుకల మందుగా పేరు తెచ్చుకున్నది మధ్యధరా ప్రాంతపు ఎర్ర స్క్విల్. ఎలుక వాంతి చేసుకోలేదు, అందుకే దానికి పనిచేసింది. కుక్క, పిల్లి, మనిషి తింటే మొదట వాంతి అవుతుంది. మన గడ్డను ముక్కలు కోసి ధాన్యం గదిలో పడేస్తే ఎలుకలు ముట్టుకుంటాయన్న నమ్మకం లేదు. ఉల్లి ముక్కలనుకుని పిల్లలు ముట్టుకుంటారన్న భయం మాత్రం ఉంది. ఆ పని వద్దు.

ఎవరైనా తిన్నారని తెలిస్తే: ముందుగా వాంతి, కడుపునొప్పి, విరేచనాలు, తర్వాత నాడి నెమ్మదించడం, తప్పడం, కళ్ళు తిరగడం. ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి. మిగిలిన గడ్డ ముక్క, ఆకు సంచిలో వేసుకుని ఇ.సి.జి. తీసే సౌకర్యమున్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపోండి, గుండెమీద పనిచేసే విషమని మొదటి మాటగా చెప్పండి. గుండెకు డిజాక్సిన్ మాత్రలు వేసుకునేవారైతే అది కూడా చెప్పాలి, రెండూ కలిస్తే ప్రమాదం ఇంకా పెద్దది. వాంతులు తగ్గగానే బాగైపోయిందనుకుని వెనక్కి తెచ్చుకోవద్దు.

చేతికి దురద వస్తే రుద్దొద్దు. రుద్దితే సూదులు లోపలికి పోతాయి. ధారగా పోసిన నీళ్ళతో జిగురు పోయేదాకా కడిగి, తర్వాత సబ్బు. కంట్లో పడితే పావుగంట నీళ్ళు పోసి డాక్టరు దగ్గరికి పోవాలి.

మాణిక్‌గఢ్

పొరపాటు ఎక్కువగా జరిగేది వానకాలంలో, ఆకు దశలో. మహారాష్ట్రలో ఫోడ్‌శీ అనే అడవి కూర తింటారు, తొలి వానల్లో వచ్చే పట్టీ ఆకులు. అది క్లోరోఫైటమ్, సఫేద్ ముస్లీ బంధువు. నక్కవుల్లి ఆకులు కూడా ఆ రోజుల్లోనే, ఆ అడవుల్లోనే, అదే పచ్చరంగులో పైకొస్తాయి. ఆకు చూసి కోసేవాళ్ళకు తేడా తెలియాలి.

తేడా నేల కింద ఉంది. ఆకుల గుంపు పక్కన జానెడు దూరంలో గుచ్చి మట్టి లేపండి. ఫోడ్‌శీకి గడ్డ ఉండదు, మెడ కింద నుంచి వేళ్ళలాంటి దళసరి వేర్లు గుత్తిగా దిగుతాయి. నక్కవుల్లికి తేటగా గడ్డ ఉంటుంది, దాని అడుగు పళ్ళెం నుంచి సన్నని వేర్లు వస్తాయి. గడ్డ కనబడిందా, ఆ ఆకు కూరలో వేయొద్దు.

గడ్డను కోసి కూడా చూడవచ్చు, చేతికి తొడుగు వేసుకుని. ఉల్లిగడ్డ కోస్తే ముక్కు చెబుతుంది, కళ్ళు నీళ్ళు పెడతాయి. నక్కవుల్లి కోస్తే కత్తికి తీగలు సాగే జిగురు అంటుతుంది, ఉల్లి వాసన రాదు, కళ్ళు మండవు, కొంతసేపటికి చేయి దురదపెడుతుంది. రుచి చూసి తేల్చే పని ఎప్పుడూ చేయకండి.

మిగతా పోలికలు క్లుప్తంగా. ఆకుమీద ఊదా మచ్చలుండి, ఆకులున్నప్పుడే పూస్తే అది లెడెబూరియా, గడ్డ చిన్నది. దాన్ని కూడా కొన్ని పుస్తకాల్లో స్క్విల్ అనే రాశారు. జర్మన్ మూలాలున్న లెడెబూర్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు మీద 1821లో పెట్టిన పేరది. వాగు ఒడ్డున పెద్ద గడ్డ, తెల్లని పెద్ద పూలగుత్తి ఉంటే విషముంగలి, అదీ విషమే. ఎర్ర పసుపు మంటల్లాంటి పూలతో ఆకు కొసతో కంపను పట్టుకుని పాకేది అడవినాభి. దాని దుంప నాగలి ఆకారంలో వంగి ఉంటుంది, లాంగలి అనే పేరు అందుకే. పొరలుండవు, కాబట్టి దాన్ని ఉల్లిజాతిలో రాయకూడదు.

పదమూలం

మాణిక్‌గఢ్ గారు దుంప, గడ్డ విడదీసి చెప్పారు కాబట్టి ఒక మాట. బడి పుస్తకాల్లో పొరల గడ్డను లశునం అంటారు, పైన ఎండు పొర కప్పి ఉంటే కంచుకిత లశునం. కందం అనే మాటను పొరలు లేని గట్టి గడ్డకు వాడుతున్నారు, చేమదుంప లాంటిదానికి. సంస్కృత పేరు కోలకందం అయినా ఇది కందం కాదు, లశునం. పేరు చూసి "భూగర్భ కాండం: కందం" అని నింపకండి.

పెన్‌గంగ

ఇంకో రెండు సందేహాలు. రెండు చోట్ల గడ్డల పరిమాణంలో చాలా తేడా ఉంది, ఒకచోట నిమ్మకాయంత, ఇంకోచోట రెండు పిడికిళ్ళంత. ఒకే జాతేనా? అలాగే బడి తోటలో ఒకటి పెట్టమంటున్నారు, బతుకుతుందా?

మాణిక్‌గఢ్

ఒకే జాతి కావచ్చు. దీని క్రోమోజోముల మూలసంఖ్య 10. 20 ఉన్నవి, 30 ఉన్నవి, 40 ఉన్నవి కూడా మన దేశంలో దొరుకుతాయి. అందుకే పరిమాణం అంతగా మారుతుంది. 30 ఉన్నవాటికి విత్తనం సరిగ్గా పట్టదు. కాబట్టి కాయలు చూడండి. మూడు గదుల కాయ, సుమారు ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు, లోపల నల్లగా చదునుగా కాగితంలా పలచటి గింజలు. ఒకచోట కాయలు నిండుగా, ఇంకోచోట తాలుగా ఉంటే అది రాసిపెట్టండి, పనికొచ్చే వివరం. డ్రిమియాలో వేరే జాతులూ ఉన్నాయి, నాగార్జున పేరు మీద కూడా ఒకటుంది. రెండో చోటి మొక్కకు ఫోటోలు, కొలతలు విడిగా ఉంచండి.

సిరొంచ తునికి

బతుకుతుంది, చచ్చేది నీళ్ళు ఎక్కువై మాత్రమే. అడుగు వెడల్పు కుండీ, అడుగున పెంకులు. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక లేదా సన్న మొరం రెండు పాళ్ళు, మాగిన ఆకు ఎరువు అర పాలు. నల్లరేగడి వద్దు, నీళ్ళు పట్టి ఉంచుతుంది, గడ్డ అడుగు పళ్ళెం కుళ్ళుతుంది. పళ్ళెం మెత్తబడితే ఇక వేరు రాదు. గడ్డ మెడ మట్టి పైకి కనబడేలా నాటాలి. లోతుగా పూడిస్తే మెడలో నీళ్ళు నిలిచి పైనుంచి కుళ్ళుతుంది.

మృగశిర నుంచి ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్ళు వాన చాలు, వాన లేనప్పుడు వారానికోసారి. ఆకు కొసలు పసుపెక్కడం మొదలవగానే నీళ్ళు ఆపేయాలి. అక్కడి నుంచి పూకాడ వచ్చేదాకా చుక్క నీళ్ళు పోయకూడదు. బడి తోటల్లో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఆకులు ఎండాయని, మొక్క చస్తోందని పిల్లలు రోజూ పోస్తారు, గడ్డ కుళ్ళిపోతుంది. ఇంకో పొరపాటు, ఎండిన కుండీ ఖాళీ అనుకుని అందులో వేరే మొక్క నాటడం. పేరుబిళ్ళమీద "గడ్డ నిద్రపోతోంది, నీళ్ళు పోయవద్దు" అని రాస్తే చాలు. కుండీని చిన్నపిల్లల తరగతికి దూరంగా, ఎత్తులో పెట్టండి. ఉల్లిమడి పక్కన మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నాటకండి.

గడ్డ మాత్రం రిజర్వు అడవిలోంచి తవ్వుకురావద్దు, నేరం. పొలం గట్టున దొరికితే చాలు. లేకపోతే కాయలు పగిలే ముందు గింజలు ఏరి ఆ వానల్లోనే చల్లండి. పూతకు కొన్నేళ్ళు పడుతుంది.

పెన్‌గంగ

అందరికీ ధన్యవాదాలు. మొగ్గల దగ్గర రేకు తోక దొరికింది, ఫోటో వచ్చింది. వానకాలం పేజీలో "గుర్తు తెలియని ఉల్లిజాతి" కూడా నిజంగానే ఉంది, అదే చోటు. ఆ పేజీ కొట్టేసి దీనికి కలుపుతున్నా. రాస్తున్నది ఇది, తప్పుంటే చెప్పండి:

తెలుగు పేరు: నక్కవుల్లి. నక్కఉల్లిగడ్డ, నక్కవుల్లిపాయ, అడవి ఉల్లి అని కూడా. మరాఠీ: రాన్‌కాందా, కోల్‌కాందా. ఉర్దూ, యునానీ: ఇస్కీల్, జంగ్లీ ప్యాజ్. శాస్త్రీయ నామం: డ్రిమియా ఇండికా (రాక్స్‌బర్గ్) జెస్సప్, పాత పేరు అర్జీనియా ఇండికా. కుటుంబం: ఆస్పరాగేసీ. భూగర్భ భాగం: కంచుకిత లశునం. పూత ఎండాకాలంలో ఆకు లేకుండా, ఆకు వానకాలంలో. పేరు కారణం: ఉల్లిని పోలి ఉండి మనిషి తినకూడనిది కాబట్టి నక్క అనే మాట చేరింది, పిల్లిపెసర, కుక్కతులసి లాగా. ఉపయోగం: శుద్ధి చేసి, కొలిచి వైద్యులు మాత్రమే వాడేది. పచ్చి గడ్డ, ఆకు మనిషికీ పశువుకూ విషం.

పదమూలం

బాగుంది. మరాఠీ పేజీలో పేరు కారణం రాసేటప్పుడు కోల్‌కాందా పక్కన "కోల: అడవిపంది" అని చిన్న అక్షరాల్లో చేర్చండి. లేకపోతే వచ్చే ఏడాది ఎవరో ఒకరు కోల్హా అని దిద్దుతారు.

వనమూలిక

విషం అనే మాటను ఉపయోగం గడి చివర్లో కాకుండా పేరు పక్కనే ఎర్ర సిరాతో రాయండి. గడులన్నీ చదివేవాళ్ళు తక్కువ, పేరు అందరూ చదువుతారు.